వాకిటి ముందరి వీధి

ధర్మసంకటమనగానే కురుక్షేత్రము వంటి మహాసందర్భములే మనస్సునకు తోచును. రాజ్యమును విడువవలెనా, బంధువులపై ఆయుధ మెత్తవలెనా అను ప్రశ్నలు ఎదురైనప్పుడే మానవుని ధర్మబుద్ధి పరీక్షకు నిలుచునని పలువురి అభిప్రాయము. కాని నగరమున కాపురముండు గృహస్థుని జీవితములో అట్టి సందర్భములు ఎన్నడో గాని రావు. అతనికి నిత్యము ఎదురగునవి చిన్న ప్రశ్నలు: కొళాయి నీటి వంతు, మేడపైనుండి జారు మురుగునీరు, ఉమ్మడిగోడకు కొట్టిన మేకు. ఇట్టివానిలో నేడు పొరుగువారిని విరోధులుగా మార్చుటయందు ముందు నిలుచునది ఇంటి యెదుట బండి నిలుపు చోటు.

హైదరాబాదులోని నివాసపు కాలనీలలో చీకటిపడు వేళ నడచి చూచినచో ఈ వివాదపు గుర్తులు అడుగడుగునను కన్పట్టును. ఒక గేటు ముందు సిమెంటు దిమ్మ. వేరొక గేటు ముందు నాలుగు పూలకుండీలు. వానిలోని మొక్కలు ఎండి చిరకాలమైనది, అయినను కుండీల ఉద్యోగము మాత్రము కొనసాగుచునే యున్నది. మరియొకచోట రెండు ఇనుపకడ్డీల నడుమ గొలుసు. గేటుకు కట్టిన పలకపై బండి నిలుపరాదను ఆజ్ఞ, దాని క్రింద టైర్ల గాలి తీయబడునను హెచ్చరిక. కలహము పెరుగు క్రమము కూడ దాదాపు అంతటను ఒక్కటియే. మొదట అద్దమునకు చీటి, తరువాత హారను మ్రోత, ఆపై మాటామాట, ఒకనాటి రాత్రి కారు తలుపుపై తాళపుచెవితో గీచిన గీత, కడపట పోలీసు ఠాణా. విషయమును పదేపదే తలచుటనుండి ఆసక్తి, ఆసక్తినుండి కోరిక, కోరికనుండి క్రోధము, క్రోధమునుండి వివేకనాశము కలుగునని గీత చూపిన మెట్ల వరుస ఈ వీధులలో ప్రత్యక్షముగా చూడనగును. 2025లో మొహాలీలో నొకసారి, ఢిల్లీలో నొకసారి ఇట్టి తగవులలో నిండుప్రాణములు పోయినవి. రెండు చోట్లను తగవునకు కారణము కారు కూడ కాదు, ద్విచక్రవాహనము. అది నిలుచుటకు కావలసిన నేల ఒక మంచము పట్టునంత కూడ లేదు.

ఈ తగవులలో మొట్టమొదట వినవచ్చు మాట “మా యింటి ముందు” అనునది. ఇల్లు వారిదే, సందేహము లేదు. “ముందు” మాత్రము వారిది కాదు. ఈ సంగతి గ్రహించుటకు వేదాంతవిచార మక్కరలేదు. బీరువాలో భద్రపరచుకొన్న దస్తావేజు చాలును. దాని చివర చెక్కుబందీ వ్రాయబడియుండును: తూర్పున ఫలానావారి ఇల్లు, దక్షిణమున ఫలానావారి ఖాళీస్థలము, ఉత్తరమున 20 అడుగుల రోడ్డు. రోడ్డును హద్దుగా పేర్కొనుటయనగా తన స్వామ్యము అచట ముగిసినదని కొనుగోలుదారు స్వయముగా ఒప్పుకొనుటయే. అయినను గృహప్రవేశమునాటి మామిడితోరణము వాడకమునుపే ఆ హద్దు మనస్సులో పదియడుగులు ముందునకు జరిగియుండును.

అట్లు జరుగుటకు దురాశ యొక్కటే కారణమనుట న్యాయము కాదు. ఆ పదియడుగుల నేలను ప్రతిదినము ఊడ్చునది ఆ యింటివారే. కళ్లాపి చల్లునది వారే. మునిసిపాలిటీవారు మరచిన గుంతలో ఇటుకముక్కలు నింపినది, వేపమొక్క నాటి కంచె కట్టినది వారే. శ్రమపడినవానికి హక్కు కలదను భావము మానవులలో మిక్కిలి లోతుగా నాటుకొనియున్నది. అమెరికాలోని షికాగో నగరమున మంచు విపరీతముగా కురిసినపుడు, తన కారు నిలుపుటకై వీధి అంచున మంచును పారతో తొలగించినవాడు ఆ చోట ఒక పాత కుర్చీని పెట్టి పనికి పోవును. అతడు తిరిగి వచ్చువరకు మరియెవ్వరును ఆ చోటు ఆక్రమింపరాదని అచటి వాడుక. చట్టము దానిని గుర్తింపకపోయినను ఇరుగుపొరుగువారు చాలమంది మన్నింతురు. అయితే మంచు కరగును. కరగినపిమ్మట కుర్చీ ఇంటిలోనికి పోవలెను. సిమెంటు దిమ్మ కరుగదు.

తెలుగుదేశమున ఇంతకంటె మంచి దృష్టాంతము ప్రతి వాకిటను కలదు. వేకువన లేచి వీధిలో ముగ్గు పెట్టు గృహిణి ఆ నేలను తనదిగా భావించుట లేదా? తప్పక భావించును. పొరుగింటి హద్దు దాటకుండ, తన గేటుకు సరిగా ఎదుట, తన చేతి నేర్పు తెలియునట్లు చుక్కలు పెట్టి గీతలు కలుపును. ఆ ముగ్గు ఎవరికిని అడ్డు కాదు. పాలవాడు దానిమీదుగా నడచును, బడిపిల్లల సైకిళ్లు పోవును, మధ్యాహ్నమునకు అది సగము చెదరియుండును. ముగ్గు త్రొక్కినారని చిన్న చిరాకు కలుగవచ్చును గాని అందుకై ఠాణా మెట్లు ఎక్కినవారు లేరు. మరునాడు మరల క్రొత్త ముగ్గు. అదే నేలపై, అదే గేటు ముందు, ఒక ముగ్గును ఒక దిమ్మయు కలవు. రెండింటిని పెట్టించినది మమకారమే. “ఇది నాది, కావున దీనిని శుభ్రముగా నుంచవలెను” అని ఒకటి పలుకుచున్నది. “ఇది నాది, కావున నీవు రారాదు” అని రెండవది పలుకుచున్నది. పరమార్థదృష్టితో చూచినచో రెండును బంధములే కావచ్చును. కాని సంసారి ఇంకను ఆ యెత్తునకు చేరలేదు. మొదటి మమకారము కూడ లేని వీధి చెత్తకుప్ప యగుటయే చూచుచున్నాము. రెండవదానిని మాత్రము గృహస్థుడు ఈనాడే విడువగలడు.

పూర్వపు ఇండ్లకు వీధి అరుగులుండెడివి. అరుగు ఇంటివాని స్థలము, దానిపై కూర్చుండి సేదదీరువాడు బాటసారి. నేటి ఇండ్లకు గేటునుండి వీధిలోనికి దిగు సిమెంటు ర్యాంపు కలదు. అది బాటసారి స్థలము, వాడుకొనువాడు ఇంటివాడు. ఒక తరములో దానము దిశ మార్చుకొన్నది. పూర్వకాలమును మితిమీరి పొగడుటయు తగదు. నాటి అరుగులపై అన్ని కులములవారికి చోటు దొరకలేదన్నదియు సత్యమే.

ఇక రెండవ పక్షమువాని వాదము వినవలసియున్నది. పొరుగింటి ముందు కారు నిలిపినవాడు “వీధి అందరిదీ” అనును. ఈ మాట వినుటకు ఎంతో ఉదారముగా నుండును. ఇందులోని సత్యమును కాదనరాదు. కాని అందరిదని పలికి అతడు చేయుచున్న పని యేమి? ఆ అందరి నేలలో సుమారు ఏడు చదరపు మీటర్ల చోటును సాయంకాలము ఏడు గంటలనుండి మరునాటి ఉదయమువరకు, ఆదివారమైనచో దినమంతయు, తన వస్తువును పెట్టుకొనుటకు వాడుచున్నాడు. అందరిదగు గుడిమంటపములో ఒకడు తన బీరువాను తెచ్చి పెట్టి, మంటపము అందరిదీ గదా యన్నచో వినువారు నవ్వుదురు. బీరువాకు చక్రములున్నచో నవ్వుట మానుదురు, అంతియే భేదము. నగరములలో వాహనములు నిలుపు చోటును గూర్చి పెద్దగ్రంథమును 2005లో ప్రకటించిన అమెరికన్ ఆచార్యుడు డోనాల్డ్ షూప్, కారు తన జీవితకాలములో నూటికి 95 పాళ్లు కదలక నిలిచియుండునని చూపెను. మూల్యము లేకుండ దొరకు చోటు నిజముగా మూల్యము లేనిది కాదనియు, కారు లేనివారు కూడ ఆ భారమును మోయుచున్నారనియు ఆయన వాదము. మన దేశములో 2006లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జాతీయ నగర రవాణా విధానము కూడ నగరభూమి విలువైనదనియు, వాహనములు నిలుపు చోటును కేటాయించునపుడు ఆ విలువను గుర్తింపవలెననియు చెప్పినది.

లెక్క వేసి చూచినచో భారము మరింత స్పష్టమగును. 20 అడుగుల వీధి యనగా సుమారు 6 మీటర్ల 10 సెంటీమీటర్లు. మధ్యతరగతివారు కొను చిన్నకారు వెడల్పు ఇంచుమించు 1 మీటరు 70 సెంటీమీటర్లు. వీధికి రెండు ప్రక్కలను కార్లు నిలిచి, గోడకును కారునకును నడుమ జానెడు చోటు విడిచినచో, మధ్య మిగులునది 2 మీటర్ల 30 సెంటీమీటర్లు మాత్రమే. భారీవాహనములకు మన నిబంధనలు అనుమతించు వెడల్పు 2 మీటర్ల 60 సెంటీమీటర్ల వరకు గలదు. అట్టి వీధిలోనికి అగ్నిమాపక శకటము వచ్చుట ఎట్లో, ఇరుపక్షములవారును తగవు మాని ఒక్క నిమిషము ఆలోచింపదగును. మంటకు ఏ గేటు ముందు ఎవరి కారున్నదో తెలియదు.

ఇచట ఒక విచిత్రము గమనింపదగియున్నది. “మా యింటి ముందు” అనువాడును, “వీధి అందరిదీ” అనువాడును బద్ధవైరులుగా కనబడుదురు. కాని వారిరువురి మనస్సులలోను ఒకే సిద్ధాంతము కలదు: వీధి బండి నిలుపుటకై యేర్పడినది. ఆ బండి ఎవరిదన్నంతవరకే వారి వివాదము. ఈ వ్యాజ్యములో పేరు నమోదు కాని మూడవ పక్షము ఒకటి కలదు. సంధ్యవేళ ఈ వీధిలోనే గోళీలు, క్రికెట్టు ఆడిన పిల్లలు. చేతికర్ర ఊతముగా గుడికి నడచి పోవు వృద్ధురాలు. తోపుడుబండిపై కూరగాయలు తెచ్చువాడు. కారు కొనుటకు శక్తి లేనివారు, కొనదలపనివారు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి మన దేశమున నూరు కుటుంబములలో కారు గలవి సుమారు 8 మాత్రమే. నగరములలో ఈ సంఖ్య ఎక్కువయే గాని అచటను కారులేనివారే అధికము. వీరు ఏ కలహమును చేయలేదు. కలహింపకయే ఓడిపోయినారు.

ఈ దృష్టితో చూచినపుడు ఉదారత కూడ పరీక్షకు లోనగును. కొందరు సౌమ్యులైన గృహస్థులు “పోనిండు, మా గేటు ప్రక్కన నిలుపుకొనుడు, ఇరుగుపొరుగున తగవెందుకు?” అని అనుమతి నిత్తురు. వారి సౌజన్యమును తక్కువ చేయనక్కరలేదు. కాని తనది కానిదానిని ఇచ్చుట దానమగునా? కోపించి అడ్డుపడినవాడును, కరుణించి అనుమతించినవాడును ఆ నేలకు తామే ప్రభువులమని తలచినవారే.

చట్టము ఈ విషయమున చెప్పునది చాల పరిమితము, కాని స్పష్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ఇతరులకు ప్రమాదమో అడ్డంకియో కలుగునట్లు బండిని విడిచిపోరాదన్నది. 1989 నాటి నియమములు పాదచారుల బాటపైనను, ఆవరణముల ప్రవేశద్వారమునకు అడ్డముగాను నిలుపరాదని విధించినవి. 2017లో వాని స్థానమున క్రొత్తవి వచ్చినవి. గృహస్థునకు లభించు రక్షణ గేటునుండి రాకపోకలు సాగించుటకే గాని, గేటు ప్రక్కనున్న గోడ పొడవునను తన రెండవ కారునకై చోటు కాపాడుకొనుటకు కాదు. రక్షింపబడినది నడక, నేల కాదు. ఇది నేడు పుట్టిన విచారమును కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణములో ఇరుగుపొరుగు ఇండ్ల తగవులతో పాటు మార్గనిరోధమునకును దండన విధించినది. మనుష్యులు, చిన్నపశువులు నడచు దారిని అడ్డగించినవానికి 12 పణములు, పెద్దపశువుల దారి యైనచో 24 పణములు. అడ్డగించినవాని స్థితిని బట్టి కాక, అడ్డగింపబడిన దారిని బట్టి దండము పెరుగుట గమనింపదగిన విశేషము.

అయితే చట్టము గేటువరకు వచ్చి ఆగిపోవును. అటుపిమ్మట వినవచ్చు మాట “సర్దుకొనిపొండు” అనునది. ఈ ఉపదేశమును ఎవరు ఎవరికి చేయుచున్నారో పరిశీలింపవలెను. ఉదాహరణమునకు, పదవీవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయుని తలచుకొందము. ఆయనకు కారు లేదు. భార్యకు డయాలసిస్ నిమిత్తము వారమునకు మూడుసార్లు ఆసుపత్రికి పోవలసియున్నది. ఆటో గేటువరకు వచ్చినచో ఆమె నాలుగడుగులు వేసి ఎక్కగలదు. కాని ఎదురింటివారి రెండవ కారు ఆ గేటు ముందే సగము అడ్డముగా నిలుచుచున్నది. ఆటో వీధి మొగలో ఆగును. నీరసించిన దేహముతో ఆమె అంత దూరమును నడచి పోవలెను. ఎదురింటి యువకుడు మర్యాదగానే మాటలాడును: “మాస్టారూ, మీకు బండి లేదు గదండీ, ఖాళీగా ఉన్న చోటే గదా!” కాలనీ పెద్దలు కూడ “మీరు పెద్దవారు, సర్దుకొనిపొండి” అందురు. ఆయన క్షమాగుణమును గూర్చి జీవితమంతయు పిల్లలకు పాఠములు చెప్పినవాడు. ఇప్పుడేమి చేయవలెను?

తనకు జరిగిన అపకారమును క్షమించుటకు ఆయనకు సంపూర్ణాధికారము కలదు. భార్య పడుచున్న బాధను క్షమించుటకు మాత్రము ఆయనకు అధికారము లేదు. అది ఆమె సొత్తు. పరుల కష్టమును తన సహనపు ఖాతాలో వ్రాసికొనువాడు సహనశీలి కాడు. ఇంకొక సూక్ష్మము కలదు. ఎదురింటివారు ధనవంతులు, బలవంతులు; వారితో విరోధము తెచ్చుకొనుటకు భయము. భయమునకు క్షమ యని పేరు పెట్టుకొనుట ఎంతో సులభము, మిక్కిలి చదువుకొన్నవారికి మరింత సులభము. సహనము ఎవనికివాడు చేయు సాధన. దానిని తనయందు అభ్యసించినచో తపస్సు. ఎదుటివానినుండి కోరినచో అది కప్పము వంటిది. సర్దుకొనుమని పలికిన పెద్దలలో ఒక్కరైనను తమ గేటు ముందు ఆ కారునకు చోటు చూపినారా?

పాండవులు అర్ధరాజ్యమునుండి దిగి దిగి అయిదు గ్రామములకు వచ్చినారు. ఆ అయిదింటిని అడుగుటకై శ్రీకృష్ణుడు స్వయముగా హస్తినాపురమునకు పోయి నిండుసభలో అడిగెను. సూదిమొన మోపునంత నేలయు ఈయనని దుర్యోధనుడు పలికిన సంగతి లోకప్రసిద్ధము. పాపము, దుర్యోధనుడు నిరాకరించినది తన యేలుబడిలోనున్న నేలను. కాలనీ గృహస్థుడు నిరాకరించుచున్నది మునిసిపాలిటీ నేలను. ఆ కథలో ఉపాధ్యాయునకు ఉపకరించు అంశము మరియొకటి. అడుగుట హింస కాదు. చీటి అంటించుట, గాలి తీయుట, వాట్సాప్ సమూహములో పేరు చెప్పక నిందించుట, ఇవన్నియు అడుగుటకు ధైర్యము చాలనివారు పట్టు అడ్డదారులు. తలుపు తట్టి, “నాయనా, మంగళ, గురు, శనివారములు ఉదయము ఆరు గంటలకు ఆటో రావలెను, గేటు ముందు చోటు విడువుము” అని చెప్పుటలో కోపమును లేదు, దైన్యమును లేదు. వినకున్నచో రెండవసారి పెద్దల యెదుట చెప్పవలెను. అప్పటికిని వినకున్నచో ఠాణాకు పోవుట వలన ఆయన శాంతస్వభావమునకు లోపము రాదు. గెలిచినపిమ్మట ఆ చోట తాను సిమెంటు దిమ్మ పెట్టించినచో మాత్రము లోపము వచ్చును.

ఎదురింటి యువకుని దుర్మార్గునిగా చిత్రించుటయు సరికాదు. అతని యింటి క్రింద స్తంభములపై లేపిన స్టిల్టు అంతస్తు వాహనములు నిలుపుటకే ఉద్దేశింపబడినది. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వెలువరించిన భవన నియమములు కట్టడములలో అట్టి చోటును తప్పనిసరి చేసినవి. కాని అతని తండ్రి దానికి గోడలు కట్టించి రెండు గదులు చేసి అద్దెకిచ్చినాడు. అద్దె ఇంటికి వచ్చుచున్నది, కారు వీధికి పోవుచున్నది. యోగశాస్త్రము యమములలో చెప్పిన అస్తేయమునకు ఇంతకంటె సరియైన ఉదాహరణము నగరమున దొరకుట కష్టము. కన్నము వేయలేదు, తాళము పగులగొట్టలేదు. నెలనెలయు కొంత సొమ్ము మాత్రము వీధిని నడచువారి వద్దనుండి ఎవరికిని తెలియకుండ చేతులు మారుచున్నది. అపార్టుమెంట్లలోను ఇదే కథ. స్తంభముల నడిమి చోటు నివాసులందరి ఉమ్మడి సౌకర్యమనియు, నిర్మాత దానిని విడిగా అమ్ముకొనరాదనియు మహారాష్ట్రకు సంబంధించిన ఒక వ్యాజ్యమున 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. జపానులో 1962లోనే చేసిన శాసనము ప్రకారము కారు కొనువాడు దానిని నిలుపుటకు వీధి కాని చోటు తనకు కలదని నిరూపింపవలెను. మన దేశములో కారు కొనునపుడు రంగును గూర్చి ఇల్లంతయు చర్చించును, వడ్డీని గూర్చి చర్చించును, నిమ్మకాయలను గూర్చి కూడ చర్చించును. అది రాత్రి ఎచట పడుకొనునన్న ప్రశ్న మాత్రము ఇంటికి తెచ్చిన తరువాత పుట్టును.

కొన్ని కాలనీలవారు కూడి మాటలాడుకొని ఏర్పాట్లు చేసికొనుచున్నారు. వీధికి ఒక ప్రక్కనే నిలుపుట, నెలకొకమారు ప్రక్క మార్చుట, ఇంటికి ఒక్క బండికి మించి వీధిలో ఉంచకుండుట వంటివి. ఇవి మెచ్చదగినవే, తగవులు నిజముగా తగ్గును. అట్టి సభలకు వచ్చువారు సాధారణముగా కార్లున్నవారు. అద్దెకున్నవారిని పిలుచుట తక్కువ, పిలిచినను వారు మాటలాడుట తక్కువ. ఒక కాగితముపై వీధి పటము గీచి, ఏ యింటికి ఏ చోటో అంకెలు వేసి, అందరును సంతకములు చేసి, కాఫీ త్రాగి సంతృప్తితో ఇండ్లకు పోవుదురు. ఆ పటములో 14 చోట్లున్నచో పదునాలుగును కార్లకే. పిల్లలు ఆడుకొను చోటునకు అంకె లేదు. ఉదయము తొమ్మిది గంటలకు తోపుడుబండి ఆగు వేపచెట్టు నీడ క్రింద ఏడవ అంకె వేయబడియుండును.